మేజరమ్మ మైకు ముందుకొచ్చిన సాయంత్రం

మొన్న వాన వెలిసిన పొద్దున మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల ముందు షామియానా వేస్తున్నారు. తడిసిన గుడ్డను నలుగురు కలిసి గుంజల మీదికి లాగుతుంటే ఆ వాసన మూడో అంతస్తులో ఉన్న మా బాల్కనీ దాకా వచ్చింది. పాత గుడ్డ, తడి మట్టి, కొబ్బరి తాడు కలిసిన వాసన. సాయంత్రం సైనికుల గౌరవార్థం సభ ఉందనీ, కాలనీలో ఉంటున్న మాజీ సైనికులందరినీ సన్మానిస్తామనీ సంఘం వాళ్ళు ముందురోజే కబురు పెట్టారు. చేతిలో టీ చల్లారిపోతున్నా నేను లోపలికి వెళ్ళలేకపోయాను. ఇలాంటి వాసన కిందే, మాదాపూర్‌లో, నా వయసు ఇరవై దాటిన కొత్తలో ఒక సభలో చివరి వరుసలో కూర్చున్నాను. ఆ రోజు మైకు ముందు నిలబడిన మనిషి గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మర్నాడు పేపర్లలో కూడా ఆమె పేరు రాలేదు. ఆమె మేజర్ మార్తమ్మ. మాకందరికీ మేజరమ్మ.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద భవనం కొత్తగా లేచింది. దాని చుట్టూ ఇంకా బండరాళ్ళూ, తుమ్మచెట్లూ ఉండేవి. ఎక్కడో ఒకచోట రాళ్ళు పేలుస్తూనే ఉండేవాళ్ళు. పేలినప్పుడల్లా ఆఫీసు కిటికీ అద్దాలు గల్లుమనేవి. మేము మూసాపేటలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నాన్న లారీ నడిపేవాడు, అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. నేను డిగ్రీ అయిపోయి, కంప్యూటర్ నేర్చుకుని, ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. అలాంటప్పుడు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆఫీసు పనులు చూసే అమ్మాయి కావాలని తెలిసి వెళ్ళాను. అమ్మ కుట్టిన చుడీదార్, పక్కింటి వాళ్ళ హ్యాండ్‌బ్యాగ్.

ఇంటర్వ్యూ చేసింది మేజరమ్మే. ఆ కంపెనీలో బస్సులు, క్యాంటీన్, గేటు, శుభ్రత అన్నీ ఆమె చేతికింద ఉండేవి. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేది. గంజి పెట్టిన నేత చీర మడత చెదరకుండా భుజం మీద పిన్నుతో బిగించి ఉంది. చీర కింద మగవాళ్ళు వేసుకునేలాంటి నల్ల బూట్లు. గడియారం అద్దం మణికట్టు లోపలి వైపుకు తిప్పి ఉంది. బల్ల మీద సాసరు మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు. నేను కుర్చీలో కూర్చోగానే ఆ గ్లాసు నా వైపు జరిపి, "ముందు తాగు, ఎండన పడొచ్చావు," అంది. తాగాక అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"మూసాపేట మేడమ్."

"అది ఇప్పుడుండే చోటు. అసలు ఊరు?"

"కల్వకుర్తి దిక్కు..." అని నాలుక కరుచుకున్నాను. ఇంటర్వ్యూలో 'దిక్కు' అనకూడదు, 'వైపు' అనాలి అని కంప్యూటర్ సెంటర్లో మరీ మరీ చెప్పారు.

"దిక్కంటే వైపేగా. మాది బాపట్ల దిక్కు," అని నవ్వేసింది. "సరే, ఒక పని చెయ్యి. బయట బెంచీ మీద ఓ పెద్దాయన కూచున్నాడు. మా వాళ్ళలో ఒకళ్ళ నాన్నగారు, ఊర్నుంచొచ్చారు. ఆయనకేం కావాలో కనుక్కుని రా."

వెళ్ళి అడిగాను. ఆయన చుట్టూ చూసి, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. నేను తిరిగి వచ్చి, సిగ్గు పడుతూనే, "బాత్రూం ఎటో చూపమంటున్నడు మేడమ్," అన్నాను.

మేజరమ్మ బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వింది. "చూశావా! పొద్దుట్నుంచీ మా వాళ్ళు ఆయనకి టీల మీద టీలు పోస్తున్నారు. ఏం కావాలండీ అని అడిగిన వాళ్ళు లేరు. వెళ్ళు, చూపించి రా. రేపట్నుంచి డ్యూటీలోకి వచ్చెయ్." అలా వచ్చింది నా మొదటి ఉద్యోగం.

ఆమెది బాపట్ల దగ్గర ఒక చిన్న ఊరు. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడట. నర్సింగ్ చదివి మిలిటరీ ఆసుపత్రుల్లో చేరింది. దేశమంతా తిరిగి మేజర్ హోదాలో రిటైరై, చందానగర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. డెబ్భై ఒకటి యుద్ధంలో పనిచేసిందని మాత్రం అందరికీ తెలుసు. క్యాంటీన్లో కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడూ చుట్టుముట్టి, "మేడమ్, యుద్ధం ఎలా ఉంటుంది? చెప్పండి మేడమ్," అని అడిగేవాళ్ళు. "చలి నాయనా. మహా చలి," అనేసి, ప్లేటు తీసుకుని లేచి వెళ్ళిపోయేది. అంతకు మించి ఒక్క మాట రాబట్టిన వాళ్ళు లేరు.

నేను చేరిన కొన్నాళ్ళకి మా పక్క స్థలంలో కడుతున్న భవనం దగ్గర కూలీలు ఎక్కి పనిచేసే సారువ కర్ర విరిగి ఒక ఆడకూలీ కింద పడింది. పెద్ద కేక వినబడి మా ఆఫీసులో వాళ్ళంతా పరిగెత్తారు. అప్పటికే మగవాళ్ళు గుంపుగా చుట్టూ చేరారు. ఒకడు ముఖాన నీళ్ళు చల్లుతున్నాడు, ఒకడు సోడా తెమ్మని అరుస్తున్నాడు. మేజరమ్మ గుంపును రెండు చేతులతో తోసుకుని పోయి, ఆ మట్టిలో, సిమెంటులో, గంజి చీరతోనే చతికిలబడింది. కాలు వంకర తిరిగి ఉంది. మేజరమ్మ దాన్ని ముట్టుకునే ముందు ఆ కూలీ ముఖం మీదికి వంగి, "ఏం కావాలమ్మా నీకు?" అని అడిగింది. నాకు ఆశ్చర్యమనిపించింది. కాలు విరిగి పడి ఉన్న మనిషిని పట్టుకుని ఇదేం ప్రశ్న అని.

ఆ కూలీ గొణిగింది. "చీర... మీదికి పోయింది. గింతమంది మొగోళ్ళు."

మేజరమ్మ తలెత్తి ఒకటే మాట అంది. "అందరూ అటు తిరగండి." అంత పెద్ద గుంపూ అటు తిరిగింది. చీర సర్దాకే మేజరమ్మ కాలును చూసింది. రెండు చెక్కముక్కలు పెట్టి నా చున్నీతో కట్టింది. నన్ను పక్కన కూర్చోబెట్టి, "చెయ్యి పట్టుకో. వదలమాకు. మాట్లాడతా ఉండు," అంది.

"ఏం మాట్లాడాలె మేడమ్?"

"ఏ ఊరో అడుగు. పిల్లలెంతమందో అడుగు. మనిషితో మాట్లాడలేవా?"

ఆ కూలీ నా చేయి పిసికేస్తూ మధ్యలో మేజరమ్మను అడిగింది. "అమ్మా, నా కాలు పోతదా?" చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా, ఏం కాదు, ఏం కాదు అన్నారు. మేజరమ్మ అనలేదు. "నాకు తెలీదు. డాక్టరు చూసి చెప్పాలి. అందాకా నేను నీతోనే ఉంటాను," అంది. అన్నట్టే జీపెక్కి ఆమెతోపాటు దవాఖానకు పోయింది. కాలు పోలేదు కానీ, నడక మాత్రం మునుపటిలా లేదు. ఆ తర్వాత ఆమెను మా క్యాంటీన్లో కూరగాయలు తరిగే పనిలో పెట్టుకుంది మేజరమ్మ.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో కార్గిల్ యుద్ధం వచ్చింది. క్యాంటీన్లో టీవీ ముందు అన్నం ప్లేట్లు అలాగే పట్టుకుని నిలబడేవాళ్ళం. మంచు కొండలు, పొగ, ఆ తర్వాత జెండా కప్పిన పెట్టెలు. మేజరమ్మ ఆ రోజుల్లో క్యాంటీన్‌కు రావడం మానేసింది. గదిలోనే తినేది. మా ఎండీ అప్పటికి నలభై నిండని మనిషి, అమెరికాలో చదివొచ్చినవాడు, తొందరగా చలించిపోయే గుణం. యుద్ధం ముగిశాక ఒకరోజు అందరినీ పిలిచి, సైనికుల కోసం మనం ఒక సభ చేయాలి అన్నాడు. ఇప్పుడు పనిచేస్తున్న జవాన్లు, రిటైరైన వాళ్ళు, యుద్ధంలో పోయిన ఒక సైనికుడి కుటుంబం, అందరినీ పిలుద్దామన్నాడు. చుట్టుపక్కల కంపెనీల వాళ్ళూ వస్తారన్నాడు. ఆ మాటలు సగంలో ఆపి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. అది నటన కాదని మాకందరికీ తెలుసు.

ఏర్పాట్లన్నీ మేజరమ్మ మీద పడ్డాయి. ఆమె మొదట చేసిన పని, మా ఆఫీసుల గేట్ల దగ్గర కాపలా కాస్తున్న వాళ్ళలో ఎవరెవరు పాత మిలిటరీ వాళ్ళో కనుక్కోవడం. సభ రోజు సాయంత్రం వాళ్ళకి గేటు డ్యూటీ లేదు, ముందు వరుసలో కుర్చీలు వేశాం. గేట్ల దగ్గర మా ప్రోగ్రామర్లను నిలబెట్టింది. మెడలో టై, చేతిలో విజిల్ పట్టుకుని వాళ్ళు కార్లను అటూ ఇటూ పంపుతూ పరేషాన్ అవుతుంటే, కుర్చీల్లో కూర్చున్న కాపలావాళ్ళు ఆగలేక లేచి వెళ్ళి, "గట్ల గాదు సార్, ఇటు దిక్కు," అని సాయం చేసి మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు.

సైనికుడి కుటుంబం జనగామ వైపు ఒక ఊరి నుంచి వచ్చింది. తండ్రి మల్లయ్య, భార్య స్వరూప. వాళ్ళను చూసుకునే బాధ్యత నాది. స్వరూపది నా వయసే, ఇంకా ఒకటి రెండేళ్ళు చిన్నదేమో కూడా. మెడ బోసిగా ఉంది, చేతులకు గాజులు లేవు. కాన్ఫరెన్స్ గదిలో ఏసీ చలికి కొంగు చుట్టూ కప్పుకుని, ఆ పెద్ద బల్ల చివర ముడుచుకుని కూర్చుంది. టీ పెట్టాను, బిస్కెట్లు పెట్టాను, మంచినీళ్ళు పెట్టాను. దేన్నీ ముట్టుకోలేదు. కాసేపటికి సభ నడిపించే అతను లోపలికి వచ్చాడు. చేతిలో వాకీటాకీ. "అమ్మా, మీ పేరు పిలవగానే ఎడమ వైపు మెట్ల మీంచి రావాలి. దీపం వెలిగిస్తారు, శాలువా కప్పుతారు. అప్పుడు మైకు దగ్గరికి వచ్చి మీవారి గురించి రెండు మాటలు చెప్తారు. ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు, టైమిస్తాం," అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని పని అది. స్వరూప అతని వైపు చూడను కూడా లేదు. ఆమె వేళ్ళు మాత్రం కొంగును గట్టిగా మెలిపెడుతున్నాయి. నేను పరిగెత్తుకుని వెళ్ళి మేజరమ్మను పిలుచుకొచ్చాను.

వస్తూనే ఆమె అతన్ని బయటికి పంపి తలుపు వేసింది. ఏసీ ఆపేసింది. కుర్చీ లాక్కుని స్వరూప పక్కన కూర్చుంది. మల్లయ్య కిటికీ దగ్గర నిలబడి బయట షామియానా వైపు చూస్తున్నాడు. చివరికి స్వరూపే నోరు తెరిచింది.

"మీరు మిలిట్రీ దవాఖానల చేసిండ్రంట గదా మేడం."

"చేశానమ్మా."

"అయితే నాకొకటి చెప్పుండ్రి. అందరు వీరమరణం, వీరమరణం అనే అంటున్నరు. పెద్ద పెద్ద సార్లొచ్చిండ్రు, వాళ్ళు గదే అన్నరు. ఆయనకు నొప్పైందా అంటే మాత్రం ఎవ్వలు చెప్తలేరు. నొప్పైందా మేడం?"

"ఊకో బిడ్డా," అన్నాడు మల్లయ్య కిటికీ దగ్గర నుంచి. గొంతులో కోపం లేదు, వేడుకోలు ఉంది.

మేజరమ్మ ముఖం అంత వయసు మీదపడినట్టు నాకెప్పుడూ కనిపించలేదు. "నాకు తెలీదమ్మా," అంది. "నేనక్కడ లేను. లేకుండా నొప్పి లేదని చెప్తే అది అబద్ధం. నేను చూసిన వాళ్ళ సంగతి మాత్రం చెప్పగలను. నీకు వినాలని ఉంటేనే."

స్వరూప తల ఊపింది.

"కొంతమందికి దెబ్బ తగిలినట్టే తెలిసేది కాదు. కొంతమందికి నొప్పి ఉండేది, చాలా ఉండేది. మందిచ్చేవాళ్ళం. కానీ ఒకటి చూశాను. పక్కనున్న వాళ్ళు వదిలేసి వచ్చేవాళ్ళు కాదు. గుళ్ళు పడుతున్నా సరే, భుజాన వేసుకుని మోసుకొచ్చేవాళ్ళు. మా దాకా వచ్చిన వాడి చెయ్యి ఇంకొకడి చేతిలోనే ఉండేది. మీ ఆయన పక్కన ఆఖర్న ఎవరున్నారో కనుక్కుందాం. వాళ్ళ పటాలానికి నేను రాస్తాను. ఆ ఉన్నవాడే నీకు నిజం చెప్పాలి. కావాలా?"

"కావాలె," అంది స్వరూప. అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదులుతూ ఏడ్చింది. మేజరమ్మ ఏడవొద్దని అనలేదు. ఆమె వీపు మీద చేయి వేసి ఉంచింది. ఏడుపు తగ్గాక, "ఇవాళ సభలో ఏం చెయ్యాలనుంది నీకు?" అని అడిగింది.

"నేను స్టేజీ ఎక్క మేడం. అందరు నన్నే చూస్తరు. గీ కొంగు కిందికెల్లి బయటికి రాను నాకు చాతనైత లేదు. కని మామకు..." అని మల్లయ్య వైపు చూసింది. "మామకు ఆయన పేరు మైకుల చెప్పాలని ఉంది. గందుకే వచ్చినం."

మల్లయ్య తల వంచుకున్నాడు. "ఊర్ల మైకు లేకుండె," అన్నాడు మెల్లగా.

మేజరమ్మ ఎండీ గదికి వెళ్తుంటే నేనూ వెనకే వెళ్ళాను. ఎండీ అప్పుడే కోటు వేసుకుంటున్నాడు. ఆమె చెప్పింది విని నిలబడిపోయాడు. "మేజర్, ప్రోగ్రామ్ ప్రింట్ అయిపోయింది. ప్రెస్ వచ్చేసింది. ఆవిడ మాట్లాడితేనే కదా జనానికి అర్థమయ్యేది. ఇదంతా వాళ్ళ కోసమే చేస్తున్నాం కదా."

"వాళ్ళ కోసమైతే వాళ్ళనడగాలి కదండీ."

"నేనేమైనా తప్పు చేస్తున్నానా?" అన్నాడు. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

"లేదండీ. మంచి పనే చేస్తున్నారు. ఆ పిల్లని పిలిచాం గనక ఆ పిల్ల మన ఇంటికొచ్చిన చుట్టం. చుట్టాన్ని నిలబెట్టి ఏడిపించం కదా. పెద్దాయన వస్తాడు, మాట్లాడతాడు. ఆ అమ్మాయి కింద కూచుంటుంది. ఫోటో వాళ్ళని ఆమె దగ్గరికి రానివ్వొద్దు."

ఎండీ విసుగ్గా అన్నాడు. "అయితే ఆమెకిచ్చిన టైములో ఎవరు మాట్లాడతారు? మీరు మాట్లాడండి. ఇన్నాళ్ళ నుంచీ అడుగుతున్నారు పిల్లలు. ఆ యుద్ధంలో మీరు చూసింది మీరే చెప్పండి."

ఆమె కాదంటుందని ఖాయంగా అనుకున్నాను. మేజరమ్మ పెదాలు ఒకసారి కదిలాయి. మణికట్టు లోపలి వైపున్న గడియారం చూసుకుంది. "సరేనండీ," అంది.

సభ మొదలయ్యే ముందు జల్లు పడి ఆగింది. షామియానా గుడ్డ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అంత జనం వస్తారని ఎవరూ అనుకోలేదు. కుర్చీలు చాలక రాళ్ళ మీద కూడా కూర్చున్నారు. యూనిఫాం జవాన్లు ఒక పక్క, పతకాలు పెట్టుకున్న ముసలివాళ్ళు ఒక పక్క, కాపలా బట్టల్లోనే వచ్చిన మా గేటు వాళ్ళు మధ్యలో. నేను, స్వరూప చివరి వరుసలో ఒక గుంజ పక్కన కూర్చున్నాం. ఆమె ఎవరో చుట్టూ ఉన్న వాళ్ళకు తెలియదు. ఉపన్యాసాలు అయ్యాయి, శాలువాలు కప్పారు, చప్పట్లు కొట్టాం. అప్పుడు మేజరమ్మ పేరు పిలిచారు.

ఆమె మెట్లెక్కి, మైకును కిందికి వంచుకుని, కాసేపు జనం వైపు చూసింది.

"నమస్కారమండీ. నాకు మాట్లాడటం రాదు. కాస్త టైము మిగిలిందంటే వచ్చాను." ముందు వరుసల్లో చిన్నగా నవ్వారు. "యుద్ధం ఎలా ఉంటుందని మా ఆఫీసు పిల్లలు అడుగుతుంటారు. నేను యుద్ధం చూళ్ళేదండీ. యుద్ధంలోంచి మోసుకొచ్చిన వాళ్ళని చూశాను. తూర్పు సరిహద్దు దగ్గర గుడారాల్లో ఆసుపత్రి మాది. దేశంలో అన్ని మూలల పిల్లలూ వచ్చేవాళ్ళు. మామూలప్పుడు అందరూ హిందీ మాట్లాడేవాళ్ళే. దెబ్బతిన్నాక మాత్రం ఎవడూ హిందీ మాట్లాడడు. అమ్మతో మాట్లాడిన మాటే వస్తుంది. అందుకని నేను అన్ని భాషల్లో ఒక్క మాట నేర్చుకున్నాను. పానీ. తణ్ణి. వెళ్ళం. జొల్. నీరు. నీళ్ళు." ఒక్కో మాటా మంచం మీది జవాను ఎలా అని ఉంటాడో అలాగే అంది. "అన్నీ ఒకటేనండీ."

జనంలో కదలిక ఆగిపోయింది. గుడ్డ అంచు నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పొట్టలో గుండు దిగిన వాళ్ళకి నీళ్ళివ్వకూడదు. ఇస్తే ఆపరేషన్ కష్టమైపోతుంది, మనిషి దక్కడు. కానీ వాళ్ళు అడుగుతూనే ఉంటారు. సిస్టర్, సిస్టర్ అని. కూజా నా చేతి పక్కనే ఉండేది. దూది తడిపి పెదాలకద్దేదాన్ని. అంతే. కొంతమంది ఆపరేషనై బతికి ఇళ్ళకు పోయారు. కొంతమంది ఆ దూది తడితోనే పోయారు. నేను చేసింది నా డ్యూటీ. తప్పని ఎవరూ అనలేదు, నేనూ అనుకోను. అయినా ఆ గొంతులు నాకు వినిపిస్తూనే ఉంటాయి." ఇక్కడ ఆమె యూనిఫాం జవాన్ల వైపు తిరిగింది. "వాళ్ళని వీరులంటున్నాం. వీరులేనండీ, కాదనను. కానీ నా ఎదురుగా మంచాల మీదున్న వాళ్ళు చిన్న పిల్లలు. దాహమేసింది వాళ్ళకి. మీరు వాళ్ళని తలుచుకునేటప్పుడు అది కూడా తలుచుకోండి. సెలవు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని ఎవరికీ తోచలేదు. ముందు వరుసలో పతకాలు పెట్టుకున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత కాపలావాళ్ళు లేచారు. ఆ తర్వాత అందరం లేచాం. ఆమె మెట్లు దిగి, అటూ ఇటూ చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. నా పక్కన స్వరూప నా మోచేయి పట్టుకుంది. "అక్కా, మంచినీళ్ళు ఉన్నయా?" అని అడిగింది. పొద్దుటి నుంచి ఆమె గొంతులో చుక్క దిగలేదని అప్పుడే గుర్తొచ్చింది. తెచ్చి ఇస్తే గ్లాసు దించకుండా తాగింది.

తర్వాత మల్లయ్య ఎక్కాడు. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "నా పేరు మల్లయ్య. నా కొడుకు పేరు రవీందర్," అన్నాడు. ఆ పేరు స్పీకర్లలోంచి బండరాళ్ళ దాకా పోయి తిరిగొచ్చింది. అది విని ఆయన ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ అన్నాడు, "రవీందర్. చిన్నగున్నప్పుడు బర్రెను జూస్తే భయపడుతుండె. నా కాళ్ళ సందున దూరుతుండె. గసొంటోడు గంత పెద్ద గుట్ట ఎక్కిండంటే నాకు నమ్మబుద్ధి అయితలేదు. ఎక్కిండంట. సార్లు చెప్పిండ్రు." పక్కన స్వరూప నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. "నిజమే అక్కా," అంది. "పెండ్లైనంక కూడ బర్రె దగ్గరికి పోకపోతుండె."

మర్నాడు ఎండీ మేజరమ్మ గదికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "ముందే నాకు చెప్పి ఉండొచ్చు కదా మేజర్, మీరు ఇదంతా..." అన్నాడు. "కూచోండి, నీళ్ళు తాగండి," అందామె. ఆయన కూర్చుని తాగాడు. ఆ విషయం వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోగా నేను వినలేదు.

చాలా నెలల తర్వాత ఆఫీసుకు ఫోను వచ్చింది. ఎస్టీడీ బూత్ నుంచి స్వరూప. "అక్కా, మేడంకు చెప్పు. ఆయన దోస్తు సెలవుల మీద మా ఊరికొచ్చిండు. అంతా చెప్పిండు." ఏం చెప్పాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "ఇప్పుడు నిద్ర వడుతుంది," అని మాత్రం అంది. ఆ మాట మేజరమ్మకు చెబితే కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

ఆ కంపెనీని తర్వాత ఇంకెవరో కొనుక్కున్నారు. మేజరమ్మ బాపట్ల వైపు చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ప్రతి క్రిస్మస్‌కూ ఫోను చేసేదాన్ని. ఒక ఏడాది ఆ ఫోను చెల్లెలు ఎత్తింది. నేను వెళ్ళేసరికి సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. ఊరి చర్చిలో వాళ్ళు ఆమెను నర్సమ్మ అనే పిలుచుకున్నారు. మేజర్ అన్న సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు నేను గచ్చిబౌలిలో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగుల మంచి చెడ్డలు చూసే విభాగంలో ఉన్నాను. మంచి సంగతులకు చాలామంది ఉంటారు, చెడ్డవి నా దగ్గరికి వస్తాయి. మొన్న ఎండాకాలం మా దగ్గర పనిచేసే ఒక కుర్రాడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. పదో రోజు దాటాక తండ్రి ఆఫీసుకు వచ్చాడు. సంతాప సభ పెడదామని, ఫోటో పెద్దది చేయించామని, హాలు సిద్ధంగా ఉందని మా వాళ్ళు చెప్పారు. నేను ఆయన పక్కన కూర్చుని, మీకేం కావాలండీ అని అడిగాను. "మావాడు కూర్చునే కుర్చీ ఒకసారి చూస్తనమ్మా," అన్నాడు.

తీసుకెళ్ళాను. చుట్టూ అందరూ పని చేసుకుంటూనే ఉన్నారు, అలా ఉండమని నేనే చెప్పాను. ఆయన మెల్లగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్రాడు పొడుగు, ఆయన పొట్టి. కాళ్ళు నేలకు ఆనక గాలిలో ఆగిపోయాయి. కుర్చీని కిందికి దించే మీట కోసం నా చేయి అలవాటుగా ముందుకు పోయింది. మీట మీద వేలు పెట్టి ఆగాను. "దించమంటారా?" అని అడిగాను.

"వద్దమ్మా," అన్నాడు. "వాడు పెట్టుకున్నట్టే ఉండనియ్యి."